కాళ్ళు లేని పిట్టకు కోడికాళ్ళు

మొన్న ఆదివారం పొద్దున కుప్పంలో మా అమ్మాయి ఇంటి వసారాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతూ ఉన్నాను. నాలుగో తరగతి చదివే మనవరాలు వాళ్ళమ్మ ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. బడిలో పక్షుల మీద ఏదో ప్రాజెక్టు చేసుకురమ్మన్నారట, అందరూ మామూలు ఫోటోలే అంటించుకొస్తారు కాబట్టి ఈ పిల్ల పాతకాలం పుస్తకాల్లోని రంగుల బొమ్మలు వెతుకుతోందట. "అవ్వా, ఈ పిట్టకి కాళ్ళే లేవు సూడు!" అంటూ ఫోను నా ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది.

చూశాను. పసుపుపచ్చటి తల, పచ్చరాయి రంగు గొంతు, ముదురు ఇటుకరంగు ఒళ్ళు, రెక్కల కింద నుంచి పొంగుకొచ్చినట్టు తెల్లటి, పసుపుపచ్చటి ఈకలు, తోక దగ్గర తీగల్లా సాగిన రెండు సన్నటి పోచలు. కడుపు కింద మాత్రం నున్నగా ఉంది, అక్కడ ఏమీ లేదు. నా చేతిలోని గింజ జారి ఎక్కడో పడింది. గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిల్ల కంగారుపడి వాళ్ళమ్మను పిలిచింది, వాళ్ళమ్మ వచ్చి బీపీ మాత్ర వేసుకున్నావా అని గదిమింది. మాత్ర వేసుకున్నాను. అది బీపీ కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట పుంగనూరులో నన్ను పట్టుకున్న భయం అది, ఎక్కడికీ పోకుండా లోపలే ఉండి, పేరు పెట్టి పిలిచినట్టు లేచి వచ్చింది.

పుంగనూరులో బస్టాండు దగ్గరి సందులో మా నాయనకు పటాల అంగడి ఉండేది. మన ఈడు వాళ్ళకు పటాల అంగడి అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు కానీ, ఇప్పటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. దేవుళ్ళ క్యాలెండరు బొమ్మలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు తెచ్చి ఇస్తే, చెక్క చట్రం కోసి, అట్టమీద అంటించి, అద్దం వేసి, వెనక ఖాకీ కాగితం కప్పి, గోడకు తగిలించుకునేలా కొక్కెం బిగించి ఇవ్వడమే మా పని. మైదాపిండి ఉడకబెట్టి అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్ళం, ఆ నీలిరంగు నా వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండేది, అన్నం తినేముందు చేతులు రెండుసార్లు కడుక్కోమని అమ్మ అరిచేది. నాయన మాటకారి కాదు, పనిమంతుడు. ఆయనకు ఒక పట్టుదల ఉండేది, అది మా ఊళ్ళో అందరికీ తెలుసు. అంగం తక్కువైన పటాన్ని ఆయన అద్దం కిందికి పోనిచ్చేవాడు కాదు. చెదలు తిన్న వేలు, ఎలుక కొరికిన పాదం, తేమకు ఊడిపోయిన చెవి, ఏది తక్కువైనా ఉడత వెంట్రుకల కుంచెతో కూర్చుని ఓపిగ్గా పూరించి, ఆ తర్వాతే చట్రం కట్టేవాడు. "అంగం తక్కువైన పటం ఇంట్లో పెట్టగూడదమ్మా, ఆ ఇంటికి మంచిది కాదు" అనేవాడు. జనం కూడా దానికోసమే సోమల నుంచి, రామసముద్రం నుంచి పాత పటాలు మోసుకుని మా అంగడికే వచ్చేవాళ్ళు.

పెళ్ళయిన ఐదో ఏట మా ఆయన పోతే, మూడేళ్ళ కూతురిని చంకనేసుకుని నేను పుట్టింటికి వచ్చాను. ఇదంతా తొంభైల నడుమ సంగతి. ఊరికే కూర్చుని తినడం ఇష్టంలేక అంగట్లో నాయనకు సాయం పట్టాను, పట్టి చూస్తే అది నా చేతికి వచ్చే పనే అని తెలిసింది. నాయనకు అప్పటికే చేతులు వణికేవి, అద్దం కోసే పని నాకే వదిలేశాడు. మా తమ్ముడి ఆలోచన వేరు. పటాలకు కాలం చెల్లింది, అంగట్లో ఎస్టీడీ బూతు పెట్టి పక్కన జిరాక్సు మిషను వేద్దామని వాడు రోజూ సతాయించేవాడు. వాడి మాటలోనూ తప్పులేదు, కానీ ఎస్టీడీ బూతులో నాకు చోటు లేదు, ఆ సంగతి వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాయన ఇద్దరి వైపూ చూసి, ఉగాది వెళ్ళాక తాళంచెవి ఎవరికివ్వాలో చెబుతాను అన్నాడు. అప్పుడు వచ్చింది మేడం.

మేడం గురించి చెప్పాలంటే ఇంకా వెనక్కి పోవాలి. నేను ఇంటరు చదివింది మదనపల్లెలో, రోజూ బస్సులో పోయివచ్చేదాన్ని. ఆమె మాకు జువాలజీ చెప్పేది. పొట్టి మనిషి, కంచి నూలుచీర, నుదుట చిన్న బొట్టు, గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. ఆ గొంతు పెంచకపోవడమే మాకు ప్రాణాల మీదికి వచ్చేది. రికార్డులో బొమ్మ గీసి తీసుకుపోతే, చూసి, బాగుంటే కింద ఎర్ర ఇంకుతో సంతకం పెట్టి తేదీ వేసేది. ఆ ఎర్ర సంతకం కోసం ఆడపిల్లలం రాహుకాలం చూసుకుని మరీ ఆమె గదికి పోయేవాళ్ళం. ఒకసారి నేను బొద్దింక బొమ్మ గీశాను. రెక్కలు, మీసాలు, పొట్టమీది చారలు అన్నీ అచ్చంగా దించాను, తొందరలో ఒక కాలు మరిచిపోయాను. మేడం చాలాసేపు చూసి, నలభైమంది ముందర, మెల్లగా అడిగింది, "ఆరో కాలు ఏమైందమ్మా, నువ్వు గానీ తినేసినావా?" క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. ఆ పేజీ అడ్డంగా కొట్టేసి, "చూసింది గియ్యి, అనుకునింది గియ్యొద్దు" అంది. ఆ ఏడాదంతా నన్ను బొద్దింక అని పిలిచారు. నేను పరీక్ష పాసయ్యాను, కానీ ఆ బొమ్మకు సంతకం రాలేదు. పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఇంత జరిగాక కూడా, పరీక్షలో కాళ్ళు లెక్కపెట్టుకుంటూ టైమైపోయిన కల నాకు వచ్చేది.

ఆ మేడం రిటైరై, ఒకరోజు మా అంగడి మెట్లెక్కింది. నేను అద్దాల చాటుకు జరిగాను. నన్ను గుర్తుపట్టలేదు, పట్టి ఉంటే ఆ పని నాకు ఇచ్చి ఉండేది కాదేమో. పాత పట్టుచీర ముక్కలో చుట్టిన అట్టల కట్ట బల్లమీద పెట్టి, ఆరు బొమ్మలున్నాయంటూ ఒక్కొక్కటే తీసి చూపించసాగింది. వాళ్ళ తాత దొరల కాలంలో ఒక బంగళాలో రైటరుగా చేశాడట, దొర ఊరు విడిచి పోతూ పాడైపోయిన పెద్ద పుస్తకంలోని ఈ ఆకులు ఆయన చేతిలో పెట్టాడట. నల్లగీతలు అచ్చులో పడ్డవి, రంగులు మాత్రం ఒక్కొక్కదానికీ మనిషి కూర్చుని చేత్తో వేసినవి. ఒళ్ళంత ముక్కున్న పిట్ట, నిప్పురంగు చిలక, నీలం మెడ పావురం. మన తట్టు ఎక్కడా కనపడని రంగులవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నిన్న వేసినట్టు ఉంటే నాకు ఒళ్ళు జలదరించింది. మూడు నాలుగు బొమ్మలు చూపించేసరికే బస్సు టైమైందని ఆమె లేచింది. పిల్లలు లేరు, ఇంట్లో పెడితే నా తర్వాత చెదలపాలవుతాయి, అందుకని బెంగుళూరులో ఒక మ్యూజియం వాళ్ళకు ఇచ్చేస్తున్నాను, పది రోజుల్లో వాళ్ళు వచ్చి చూస్తారు, అని మాత్రం చెప్పింది. నాయన ఆమె పోయాక బొమ్మల వైపు, నా వైపు చూసి, "ఈ పని నువ్వే చెయ్యమ్మా, నేను ముట్టుకోను" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, పక్కనే నిలబడి ఉన్న తమ్ముడికీ తెలుసు.

మరుసటి రోజే సోమల దగ్గర చుట్టాల ఇంట్లో చావు కబురొచ్చి నాయన వెళ్ళిపోయాడు, మూడు రోజులకు గానీ రాలేదు. నేను ఊపిరి బిగబట్టుకుని పని చేశాను. మైదా వద్దని, బొమ్మలను అంటించకుండా మూలల్లో కాగితం తొడుగులు పెట్టి నిలబెట్టాను. ఇది నేను నా బుద్ధితో చేసిన మంచిపని, ఇప్పటికీ చెప్పుకుంటాను. ఐదు బొమ్మలు చక్కగా కుదిరాయి. ఆరోది అట్టల అడుగున ఉంది, మేడం మాకు చూపించకుండానే వెళ్ళిన బొమ్మ. విప్పి చూస్తే ఆకాశంలో ఏటవాలుగా తేలుతున్న పిట్ట, నేను ముందు చెప్పానే, అదే. ఎంత అందంగా ఉందో! తనివితీరా చూసి, చూసి, కాళ్ళ దగ్గర ఆగిపోయాను. కాళ్ళు లేవు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. ఆ క్షణాన నాకు కనపడింది పిట్ట కాదు, కొట్టేసిన బొద్దింక. పటం కట్టేవాడి కూతురిని, అంగం తక్కువైన పటం అద్దం కిందికి పోగూడదని పుట్టినప్పటి నుంచి విన్నదాన్ని. పైగా ఈ పటం తీసుకునేది ఎవరు? ఒక కాలు తక్కువైతే నలభైమంది ముందు నిలబెట్టిన మనిషి. తేమకో, పురుగుకో కాళ్ళు చెరిగిపోయాయి, ఆమె పాతబొమ్మ కదా అని చూసుకోలేదు, బెంగుళూరు వాళ్ళ ముందు ఆమెకు తలవంపులు అవుతుంది, కాళ్ళెక్కడమ్మా అని మళ్ళీ నన్నే అడుగుతుంది. ఇట్లా అనుకుని, పెరట్లో తిరుగుతున్న మా కోడిపెట్టను పట్టుకొచ్చి, మా అమ్మను దాని రెక్కలు పట్టుకుని కూర్చోమని, దాని కాళ్ళు చూస్తూ, గోధుమరంగులో చుక్క ఇండియన్ ఇంకు కలిపి, సన్నకుంచెతో రెండు కాళ్ళు గీశాను. గోళ్ళతో సహా, పొలుసులతో సహా. చూసే గీశాను మరి! అమ్మ కూడా బలే కుదిరినాయని మెచ్చుకుంది. అద్దం వేసి మూసేశాను, ఆ పొద్దు కడుపునిండా అన్నం తిన్నాను.

నాయన తిరిగొచ్చి ఆరు పటాలూ వెలుతురులో పెట్టి చూశాడు. తమ్ముడిని పిలిచి, సూడ్రా పనితనమంటే ఇట్లుండాల అని నా పని చూపించాడు. అంతకన్నా సంతోషం నాకు ఆ అంగట్లో ఎప్పుడూ కలగలేదు, అది ఒక్క పూట కూడా నిలవలేదు. మధ్యాహ్నం పోస్టుమాన్ మేడం రాసిన కార్డు ఇచ్చిపోయాడు. నాయన కళ్ళద్దాలు ఇంట్లో మరిచాడు, చదవమని నాకే ఇచ్చాడు. నాలుగే పంక్తులు. శనివారం స్వయంగా వచ్చి పటాలు తీసుకుంటాను, అంచులు కత్తిరించవద్దు, ఏ రంగూ తాకవద్దు. ముఖ్యంగా కాళ్ళు లేని పిట్ట జాగ్రత్త, బెంగుళూరు వాళ్ళు వచ్చేది దానికోసమే.

నాయనకు మొదటి ముక్క మాత్రం పైకి చదివి వినిపించాను. మిగతాది చదవలేదు. ఆ కార్డు జాకెట్టులో దోపుకున్నాను, ఇంటికి పోయి మైలుతుత్తం డబ్బా అడుగున దాచాను, అది విషమని ఇంట్లో అందరూ ఆ డబ్బాకు దూరంగా ఉండేవాళ్ళు.

ఆ నాలుగు రోజులు నేను ఎట్లా బతికానో నాకే తెలియదు. పనిలో ఉన్నంతసేపూ ఆ ఆరో పటం గోడకు ఆనించి ఉండేది, నేను దాని వైపు వీపు తిప్పుకుని కూర్చునేదాన్ని, అయినా ఆ కాళ్ళు నా వీపు మీద నడుస్తున్నట్టు ఉండేది. ఎవరూ లేనప్పుడు చట్రం విప్పి ప్రయత్నం చెయ్యలేదని కాదు. బన్ను ముక్కతో రుద్దితే పాత పెన్సిలు గీతలు పోతాయని నాయన చెప్పేవాడు. ముందు వేరే పాత కాగితం మీద అదే ఇంకుతో గీసి, బన్నుతో రుద్ది చూశాను, కదల్లేదు. ఆ కాగితాన్నే తడిగుడ్డతో అద్దితే మరక ఇంకా పాకింది. బ్లేడుతో గీరితే కాగితం పొట్టు లేచి చిల్లి పడింది. కాళ్ళు పోగొట్టబోతే పిట్టే పోతుందని తెలిసిపోయింది. బస్సు హారన్ వినపడితే మేడం వచ్చేసిందని ఉలిక్కిపడేదాన్ని. కూతురు అన్నం పెట్టమంటే కసిరేదాన్ని, అది బిక్కమొహం వేసుకుంటే మళ్ళీ నేనే ఏడ్చేదాన్ని. మేడం అంగడి మెట్లమీద నిలబడి ఆ మెల్లటి గొంతుతో అడుగుతుంది, నాయన వింటాడు, తమ్ముడు వింటాడు, ఉగాది వారం రోజుల్లో ఉంది. అంగడి పోతే నేనూ నా బిడ్డా ఎవరి గడపలో కూర్చోవాలి? ఇది తప్ప నా తలలో ఇంకొక ఆలోచన లేదు.

శుక్రవారం పొద్దున, పెద్దామెకు శ్రమ ఎందుకు, నేనే పోయి ఇచ్చేసి వస్తానని నాయనతో అన్నాను. నాయన దాన్ని నా మర్యాద అనుకుని మురిసిపోయాడు. ఆరు పటాలనూ దుప్పట్లలో చుట్టి, టమేటా గంపలు పైన కట్టిన బస్సులో, ఒళ్ళో రెండూ, కాళ్ళ మధ్య నాలుగూ పెట్టుకుని కూర్చున్నాను. ఆ దారి నాకు ఇంటరు రోజుల నుంచి తెలిసినదే, ఏ మలుపు దగ్గర గాలి చల్లబడుతుందో కూడా తెలుసు. ఆ రోజు మాత్రం ప్రతి స్టేజీ దగ్గర ఇక్కడే దిగి వెనక్కి పోదామా అనిపించింది. కండక్టరు, "యాలమ్మా అట్లా వణుకుతాండావు, చలిజ్వరమా?" అని అడిగాడు. అవునన్నాను.

మేడం ఇంటి హాల్లో ఐదు పటాలు ఒక్కొక్కటే విప్పి గోడకు ఆనించాను. ఆమె ప్రతిదీ వంగి చూసి తల ఊపింది. మూలల తొడుగులు చూసి, జిగురు పెట్టలేదే, ఎవరు నేర్పించారు అని కూడా అడిగింది. ఆరో పటం దుప్పటి విప్పడానికి నాకు చేతులు రాలేదు, ముడి ఆమే విప్పింది. నేను ఆమె ముఖం చూడలేక ఆమె పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె వంగి చూసి, బల్లమీది భూతద్దం తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"ఈ కాళ్ళు ఎవరివమ్మా?" అని అడిగింది, అదే గొంతుతో.

"మా ఇంటి కోడివి మేడం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు, వచ్చాక ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. నాయన పట్టుదల, తమ్ముడి ఎస్టీడీ బూతు, కోడిని పట్టుకుని కూర్చున్న అమ్మ, ఆఖరికి ఆ ఐదు కాళ్ళ బొద్దింక. "కాలు తక్కువైతే మీరు సంతకం పెట్టరు కదా మేడం" అన్నాను. ఆమెకు ఆ బొద్దింక గుర్తే లేదు! పదేళ్ళకు పైగా నేను కలల్లో కాళ్ళు లెక్కపెట్టుకుంటే, ఆమెకు నా ముఖం కూడా గుర్తులేదు. కుర్చీలో కూర్చుని, తన చేతుల వైపు చూసుకుంది.

తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. ఎక్కడో సముద్రాల అవతల దీవుల్లో ఉండే స్వర్గపక్షి అది. అక్కడివాళ్ళు దాన్ని పట్టి, కాళ్ళు కోసేసి, తోలు ఎండబెట్టి ఓడలవాళ్ళకు అమ్మేవాళ్ళట. దొరల దేశాల్లో బతికున్న పిట్టను చూసినవాడు లేడు, వచ్చిన తోళ్ళన్నీ కాళ్ళు లేనివే. అందుకని దానికి పుట్టుకతోనే కాళ్ళుండవని, నేల మీద వాలకుండా మంచు తాగి ఆకాశంలోనే బతుకుతుందని చదువుకున్నవాళ్ళే నమ్మారట. ఆ నమ్మకానికి సాక్ష్యం ఈ బొమ్మ, దీని విలువంతా ఆ లేని కాళ్ళలోనే ఉంది. "ఆ గీసినాయన ఏది చూసినాడో అది గీసినాడు. నువ్వు చూడనిది గీసినావు" అంది. నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో, మరి నిజంగా ఆ పిట్టకు కాళ్ళుంటాయా మేడం అని అడిగాను. ఆమె మొదటిసారి మా ఊరి యాసలోకి దిగింది. "ఉండకేమి, కాళ్ళు లేని పిట్ట యాడన్నా ఉంటాదా?"

అయినా వదల్లేదు. మీ నాయనకు చెప్పను, ఆ భయం పెట్టుకోవద్దు అంది. కానీ పటం బోర్లించి, వెనక ఖాకీ కాగితం మీద నా చేత రాయించింది. ఈ పిట్టకు కాళ్ళు నేను గీసినాను, ఈ పిట్టను నేను చూడలేదు, అని రాసి, పూర్తి పేరు, ఊరు, తేదీ వెయ్యమంది. రేపు ఎవరైనా ఈ కాళ్ళను నమ్మి మోసపోగూడదు కదా అంది. రాశాను. ఆ అక్షరాలు నావేనా అన్నట్టు ఉన్నాయి. తిరుగు బస్సులో నా ఒడి ఖాళీగా ఉంది, భయం మాత్రం తగ్గలేదు, నా తప్పు ఇప్పుడు నా పేరుతో సహా ఒక గోడకు వేలాడబోతోంది.

ఉగాది మరునాడు నాయన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మదనపల్లె మేడం పని నిలబెట్టినావు, ఇంక ఈ అంగడి నీది అన్నాడు. అదే రోజు వచ్చింది మేడం రెండో కార్డు. బెంగుళూరు వాళ్ళు ఐదు తీసుకుపోయారు, ఒకటి వద్దన్నారు, అంతే ఉంది అందులో. నిందించే మాట ఒక్కటీ లేదు. ఒక చేతిలో తాళంచెవి, ఒక చేతిలో కార్డు పట్టుకుని అంగడి వెనక నిలబడి ఏడ్చాను. నాయన సంతోషం అనుకున్నాడు. ఆయన పోయేదాకా నేను చెప్పలేదు. చెప్పి ఉంటే నవ్వేవాడో, తాళంచెవి వెనక్కి అడిగేవాడో, ఈనాటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత అంగడి పన్నెండేళ్ళు నడిపాను, దాని మీదే కూతురిని చదివించాను. అన్నేళ్ళూ మదనపల్లె నుంచి ఎవరు వచ్చినా, చేతిలో కాగితంలో చుట్టిన పటం ఉంటే చాలు, నేను అద్దాల చాటుకు జరిగేదాన్ని. ఆ పటం ఎవరి చేతికైనా చిక్కి, వెనక్కి తిప్పి చదివి, నా పేరు వెతుక్కుంటూ వస్తారని ఎదురుచూసేదాన్ని. మేడంను చూడటానికి వెళ్ళే ధైర్యం కూడా చేయలేదు. ఉత్తరం రాయాలని కార్డు కొని, రాయకుండా దానిమీద అద్దాల కొలతలు వేసుకున్నాను. రెండువేలు దాటాక ఫ్లెక్సులు, లామినేషన్లు వచ్చి పటాల పని పలచబడింది. అంగడి మూసే ఆలోచనలో ఉండగా ఒకరోజు ఒక నడివయసు ఆమె మెట్లెక్కి, నేను మేడం మేనకోడలిని అని చెప్పింది. మేడం పోయి నెలరోజులైందట. ఇది మీకు ఇమ్మని రాసిపెట్టింది అంటూ పాత పట్టుచీర ముక్కలో చుట్టిన పటం బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆ మూట విప్పలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, మంచి వెలుతురులో, విప్పాను. పిట్ట అట్లాగే ఉంది, నా కోడికాళ్ళతో. వెనక ఆమె ఏం రాసి ఉంటుందో అని తిప్పకుండా అట్లాగే పట్టుకున్నాను. పోయిన మనిషి రాసింది ఏదైనా సరే, దానికి జవాబు చెప్పుకునే వీలు ఇంక ఉండదు కదా. కళ్ళు మూసుకుని తిప్పాను. నా రెండు పంక్తులూ, నా పేరూ ఉన్నాయి. వాటి కింద ఎర్ర ఇంకుతో మేడం సంతకం. సంతకం కింద తేదీ, రికార్డులో వేసినట్టే. అది నేను రాసిన రోజు తేదీ. నేను ఇంకా మదనపల్లె బస్టాండులో వణుకుతూ నిలబడి ఉన్నప్పుడే ఆమె పెట్టేసి ఉండాలి. అన్నేళ్ళుగా అది అక్కడే ఉంది, నేను పోయి చూడలేదు.

మొన్న మాత్ర వేసుకుని కాస్త తేరుకున్నాక, అంగడి మూశాక నాతో ఇక్కడికి తెచ్చుకున్న ఆ పటాన్ని బీరువాలోంచి తీసి మనవరాలికి చూపించాను. ఆ పిల్ల ఫోనులో బొమ్మనూ దీన్నీ పక్కపక్కన పెట్టి, కిందపడి దొర్లుతూ నవ్వింది, "అవ్వా, దీనికి కోడికాళ్ళుండాయి!" అంటూ. తర్వాత తనూ వేలితో ఫోనులోని పిట్టకు నీలంరంగు కాళ్ళు గీసింది, నచ్చక చెరిపేసింది, ఎర్రకాళ్ళు గీసింది, అవీ చెరిపేసింది. ఒక్క మరక మిగల్లేదు, ఆ పిల్ల చేతులు వణకలేదు. మంచిదే, మేం పడ్డ భయాలు ఈ పిల్లలకు వద్దు. టీచరంటే కూడా దానికి భయం లేదు, పేరు పెట్టి చెబుతుంది. పటం బోర్లించి వెనకవైపు కూడబలుక్కుని చదివి, ఈ ఎర్రసంతకం ఎవరిది అని అడిగింది. మా మేడంది అన్నాను. "అయితే నువ్వు పాసయినట్టేనా?" అంది.

అయినట్టే అన్నాను. ఇప్పుడు చెరిపెయ్యడం ఇంత సులువైపోయింది, అప్పుడు చెరగనిదాని కిందే ఒక మనిషి ఎర్ర ఇంకుతో సంతకం పెట్టేది. పితికిన గింజల గిన్నె దగ్గరికి లాక్కుని మళ్ళీ కూర్చున్నాను. ఎవరికి భయపడి ఇన్నేళ్ళు అటువైపు పోలేదో ఆ మనిషి ఇంటి గుమ్మంలో ఒక్కసారి నిలబడాలనిపించింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో కూడా నాకు తెలియదు.